పైడమ్మ వచ్చిన రోజు

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధమే. చెప్పడానికి క్షణం పట్టలేదు. మోయడంలోనే అలిసిపోయాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, చోడవరంలో మా పక్కింటి పైడమ్మకి క్షయ అన్నారు. మొగుడు అంతకుముందే పోయాడు. విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్తూ నాలుగేళ్ల కూతురు నూకాలుని నాకు అప్పగించింది. మాకు పిల్లల్లేరు. నయమయ్యేదాకా చూస్తానన్నాను.

పరాయి బిడ్డని పెంచడం ముచ్చటగా ఉంటుందనుకున్నాను. నూకాలు పక్క తడిపేది. పెట్టిన అన్నం సగం తిని, సగం గుడ్డపేలికలో మూటగట్టి మంచం కింద దాచేది, చీమలు పట్టేవి. తల దువ్వబోతే కరిచేది. పొద్దు వాలితే గుమ్మంలో కూర్చుని, "మాయమ్మ ఎప్పుడొస్తాదే పెద్దమ్మా" అనేది. రోజూ అదే ప్రశ్న. దీన్ని ఎవరైనా తీసుకుపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. మళ్లీ నిద్రలో అది నా కొంగు పట్టుకుంటే, ఆ పిడికిలి విడిపించబుద్ధి అయ్యేది కాదు.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. నూకాలు మా ఆయనతో బెల్లం గానుగ దగ్గరికి వెళ్లింది. నయమైందట, కానీ మనిషి సగమైంది. పిలిచినా లోపలికి రాలేదు. అరుగు చివర కూర్చుంది.

"అప్పా, నా గుంట నన్నడుగుతాదా?" అంది.

ఆ పొద్దున కూడా నూకాలు అడిగింది.

"నేదే పైడీ. మర్సిపోనాది. నన్నే అమ్మా అంటాది," అన్నాను.

నూకాలు నన్ను ఒక్కసారీ అలా పిలవలేదు.

పైడమ్మ కొంగు సర్దుకుంది. "మర్సిపోతే మంచిదే అప్పా. నా ఎనకాల తిప్పుకుని దానికేటి పెడతాను? నానొచ్చేనని సెప్పకు," అని లేచింది. నేను ఆపలేదు. గానుగ కేకపెడితే వినపడేంత దూరమే. పిల్లని పిలవలేదు.

ఎవరైనా తీసుకుపోవాలని విసుక్కున్నదాన్ని, తీసుకుపోయే మనిషి వచ్చి కూర్చుంటే ఎందుకలా అన్నాను? ప్రేమా? లేక అన్నాళ్ల చాకిరీకి ఆ పిల్లనే కూలిగా ఉంచేసుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ మరుసటేడు కె.కోటపాడులో తమ్ముడింట పైడమ్మ పోయింది. జబ్బు తిరగబెట్టిందట. పోయిందని మాత్రం నూకాలుకి చెప్పాను. ఏడవలేదు. గుమ్మంలో కూర్చోవడం మానేసింది. కొన్నాళ్లకి జ్వరం వచ్చి, ఆ మగతలో నన్ను "అమ్మా" అంది. ఎంతోకాలంగా ఆ పిలుపు కోసమే కాచుకున్న నేను, నీళ్లు తెచ్చే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయాను.

నూకాలు ఇప్పుడు దేవరాపల్లిలో కాపురం చేసుకుంటోంది. "కన్నతల్లి ఒక్కసారి సూడ్డానికి రాకపోయినా మాయమ్మ నన్నొగ్గీనేదు," అని నన్ను చూపిస్తూ అత్తవారితో గొప్పగా చెబుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. దాని ముందు నా నోరు పెగల్లేదు. ఇక పెగలదు కూడా. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎవరో ఒకరు వినేలా ఆ మాట ఒక్కసారి అనాలి, అంతే.

పైడమ్మ వచ్చింది. కూతురి కోసమే వచ్చింది.