దేన్నీ నెట్టని లాల్ అహ్మద్

లాల్ అహ్మద్ సాయిబు పనిలో చేరినప్పటి నుంచీ దేన్నీ నెట్టి ఎరగడు. లాగమంటే కొండకైనా తాడు వెతికేవాడు. నెట్టమంటే మాత్రం పూచికపుల్లను కూడా నెట్టేవాడు కాదు. ఆయన ఇంటి మేక పొడవడానికి వస్తే అవతలికి తోయాలి కదా, కొమ్ములు పట్టుకుని తన వైపుకే లాక్కునేవాడు. మేకకూ అలవాటైపోయి ఆయనను పొడవడం మానేసింది. ముత్తుకూరులో ఈ సంగతి తెలియని మనిషి లేడు.

ఆయన పని మొద్దులు కోయడం. పద్మనాభయ్యగారి కట్టెల అడితిలో ఐదు మూరల రంపం ఒకటుండేది. రెండు కొసలా రెండు పిడులు. ఒక పిడి లాల్ అహ్మద్‌ది, రెండోది పెంచలయ్యది. పదిహేడేళ్ళు ఇద్దరూ మొద్దుకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కోశారు. ఆ రంపానికి ఒకటే ధర్మం. ఎవరి వంతు వారు లాగాలి. లాగినాక చెయ్యి వదులు చేయాలి, అవతలివాడు లాక్కుంటాడు. సాయం చేద్దామని ఇటునుంచి నెట్టారా, పలచని రేకు వంగి కోత వంకర పోతుంది. అందరూ ఈ ధర్మాన్ని అడితిలోనే వదిలి ఇంటికి పోతారు. లాల్ అహ్మద్ వెంట తీసుకుపోయాడు.

ఆయన ఇంటి తలుపు లోపలికి తెరుచుకునేది. అంటే బయటినుంచి వచ్చేవాడు నెట్టాలి. ఆయన గుమ్మం ముందు నిలబడి భార్యను కేకేసేవాడు.

"జమాల్‌బీ, తలుపు లాగు."

"చేతులు పడిపోయినాయా? నెట్టుకోని రా."

"నువ్వు లాగితే పోతుంది గదా."

పులుసు మాడిపోయిన ఒక రోజు జమాల్‌బీ వడ్రంగి ఆచారిని పిలిపించి తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించింది. ఆ పూట సాయిబు దర్జాగా తలుపు లాగి లోపలికి వచ్చాడు. తెల్లారి పనికి పోవాలంటే లోపలినుంచి నెట్టాల్సి వచ్చింది. మంచం మీద కూర్చుని ఆలోచించి ఆలోచించి, ఆఖరుకు తలుపే ఊడబీకి గోనెపట్టా వేలాడదీశాడు. ఆ తలుపు చెక్కలు మేక కొట్టానికి పనికొచ్చాయి.

అరవై రెండు ఎన్నికలప్పుడు ఓట్లడిగే జీపు ఒకటి కృష్ణపట్నం దారిలో ఇసకలో దిగబడింది. ఊరంతా వెనక చేరి నెడుతుంటే ఆయన ముందుకు పోయి తాడు కట్టి ఒక్కడే లాగాడు. జీపులోని పెద్దమనిషికి ఆశ్చర్యం వేసింది.

"అందరితో పాటు నెట్టకూడదా సాయిబూ?"

"వెనకనుంచి నెట్టేవాడికి ముందర గుంతుందో గట్టుందో తెలవదు సామీ. లాగేవాడైతే తను ముందు నడిచి చూస్తాడు."

జీపు బయటపడ్డాక, అది తాడు లాగినందుకా, వెనక నెట్టినందుకా అని ఊళ్ళో చాలా రోజులు వాదన నడిచింది.

ఆ ఏడు వానల్లో పెంచలయ్య రొమ్ము జబ్బుతో కన్నుమూశాడు. ఆయన భార్య మస్తానమ్మకు పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక తాటాకిల్లు, ఆ ఇంట్లో ఒక గుంజ. పనినుంచి వచ్చి పెంచలయ్య ఆ గుంజకే వీపు ఆనించి కూర్చునేవాడు. పదిహేడేళ్ళకు అక్కడ నూనె మరక పడి నున్నగా అయింది. ఆ మరకను వదిలి పోవడం మస్తానమ్మ వల్ల కాలేదు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఆమెను ఏదో ఒక పక్కకు నెడుతూనే ఉన్నారు. మనుబోలునుంచి వచ్చిన అన్న చెంచురామయ్య అయితే రోజు కూడా పెట్టేశాడు.

"వచ్చే శుక్రవారం బండి తోలుకొస్తా. సామాను కట్టుకోనుండు. ఒంటి ఆడదానివి ఇక్కడ ఏం తిని బతకతావు?"

మస్తానమ్మ లాల్ అహ్మద్‌ను అడిగింది. "పొమ్మంటావా అన్నా, ఉండమంటావా?"

"పొమ్మనీ అనను, ఉండమనీ అనను మా. నేను దేన్నీ నెట్టను గదా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇల్లు పోతుందంటే కూడా ఈయన గోల ఈయనదే. అయితే అడితి సంగతి ఆమె విని ఉంది. పెంచలయ్య పోయాక రెండో పిడి పట్టడానికి ముగ్గురు వచ్చారు. మొదటివాడు వస్తాదు. నాలుగు లాగుళ్ళకే లాల్ అహ్మద్ రంపం ఆపేశాడు. "నెట్టినావు." "లేదు సాయిబూ." "రంపం చెప్పింది. ఇంటికి పో అబ్బయా." రెండోవాడు మధ్యాహ్నం దాకా నిలిచాడు. మూడోవాడు పద్మనాభయ్యగారి సొంత బావమరిది. ఒక బీడీ కాలే లోపల ఇంటికి పోయాడు.

"అయితే ఆ పిడి నాకియ్యి" అంది మస్తానమ్మ.

లాల్ అహ్మద్ ఆమె చేతుల వంక చూశాడు. "లాగతావా?"

"లాగతా."

"నెట్టవు గదా?"

"నెట్టను."

పద్మనాభయ్య నెత్తి పట్టుకున్నాడు. "ఆడమనిషి రంపం పట్టేదేంది సాయిబూ? నలుగురూ నవ్వతారు."

"నవ్వనీ సామీ. నవ్వితే కోత వంకర పోదు."

గాలివానకు కూలిన చింతమాను ఒకటి అడితిలో పడి ఉంది, బారన్నర చుట్టు. పద్మనాభయ్య దాన్ని చూపించాడు. "శుక్రవారం లారీ వస్తాది. ఆలోపల దీన్ని ఆరు తుండ్లు చేసినారా, పిడి ఆమెదే. లేదంటే గూడూరునుంచి మనుషులొస్తారు."

శుక్రవారమే లారీ, శుక్రవారమే అన్న బండి. ఆరు తుండ్లంటే ఐదు కోతలు. సోమవారం పొద్దున మస్తానమ్మ కొంగు బిగించి మొగుడి పిడి ముందు కూర్చుంది. సాయంత్రానికి ఒక్క కోత కూడా పూర్తి కాలేదు. అన్నం ముద్ద నోటిదాకా లేవలేదు. మంగళవారం చింతచేవ దగ్గర రంపం రాయిని గీకినట్టు గీకింది. లాల్ అహ్మద్ పళ్ళకు ఆకురాయి పట్టాడు, కిరసనాయిలు పోశాడు, కోతలో కొయ్య చీల దిగగొట్టాడు. ఆమెను మాత్రం ఒక్క మాట అనలేదు.

బుధవారం మధ్యాహ్నంనుంచి ఏమైందో రంపం తేలికయింది. తన వంతు రాగానే పిడి తనంతట తానే చేతిలోకి వచ్చినట్టు వచ్చేది. మస్తానమ్మ తల వంచుకుని లాగుతూ ఉంది. ఈ పిడి ఎవరిదో ఆమెకు తెలుసు. పోయిన మొగుడే వచ్చి చెయ్యి వేస్తున్నాడేమో అనుకుంది. అట్లా అనుకుంటే కళ్ళు మసకబారాయి గానీ చేతులు ఆగలేదు.

శుక్రవారం లారీ వచ్చింది. దాని వెనకే చెంచురామయ్య బండీ వచ్చింది. ఇద్దరు తోలేవాళ్ళూ చూస్తుండగానే ఐదో కోత తెగి తుండు దబ్బున కూలింది.

చెంచురామయ్య చెల్లెలి చేతులు తిప్పి చూశాడు. తరవాత, "అయితే ఉత్త బండి తోలుకుపోవాలా?" అన్నాడు.

"ఉత్త బండెందుకు? రంపపు పొట్టు రెండు గోతాలు ఏసుకోని పో. వదినకు పొయ్యిలోకి పనికొస్తాది."

పద్మనాభయ్య తుండు మొహం మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు. "ఇదేంది సాయిబూ, కోత అలలు అలలుగా ఉంది. నీ కోత అద్దం మాదిరుంటాది గదా."

"వయసైపోయింది సామీ. నా చెయ్యి వణికింది."

పదిహేడేళ్ళలో తప్పు తనదని ఆయన అనడం ఎవరూ వినలేదు. అప్పుడు కూడా లారీ చప్పుడులో ఆ మాటను మస్తానమ్మ ఒక్కతే పట్టించుకున్నట్టుంది.

సాయంత్రం ఆమె గిన్నెలో చేపల పులుసు తీసుకుని గోనెపట్టా ఎత్తి లాల్ అహ్మద్ ఇంట్లోకి పోయింది. జమాల్‌బీ దీపం దగ్గర మొగుడి చేతులకు కొబ్బరినూనె రాస్తూ ఉంది.

"చూడు మస్తానమ్మా, ఇన్నేళ్ళ పనిలో లేని బొబ్బలు ఈ వారంలో లేచినాయి. ఎట్లా లేచినాయంటే చెప్పడు."

"పిడికి పెచ్చు లేచింది" అని లాల్ అహ్మద్ గబుక్కున పిడికిళ్ళు మూశాడు.

మూసేలోపలే మస్తానమ్మ చూసింది. లాగేవాడికి కాయలు వేళ్ళ మొదట్లో కాస్తాయి. అవి ఆయనకు ఉన్నాయి, పాతవి, రాళ్ళ మాదిరి. బొబ్బలు మాత్రం అక్కడ లేవు, అరచేతి అడుగున మణికట్టు దగ్గర ఉన్నాయి. పెళ్ళికి ముందు ఆమె ఉప్పు కయ్యల్లో పొద్దంతా చెక్క పెట్టి ఉప్పు నెట్టిన మనిషి. ఆ చోట బొబ్బ దేనివల్ల లేస్తుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

పులుసు గిన్నె కింద పెట్టి ఇంటికి వచ్చింది. ఆ మాపు గుంజకు వీపు ఆనించి కూర్చుంది. నవ్వు వచ్చింది, పెంచలయ్య పోయాక మొదటిసారి.

శనివారం ఒక మామిడి మొద్దు. ఇద్దరూ కూర్చున్నారు. ఆయన లాగాడు, ఆమె లాగింది. మూడు లాగుళ్ళు అయ్యాయి. నాలుగోసారి తన వంతు రాగానే మస్తానమ్మ లాగకుండా పిడి ఊరికే పట్టుకుని చూసింది. రంపం దానంతటదే ఆమె వైపుకు వచ్చింది.

ఆమె రంపం ఆపేసింది.

"అన్నా."

"ఏంది మా?"

"నెట్టినావు."

లాల్ అహ్మద్ మొద్దు వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. అబద్ధం వెతుక్కుని దొరకనివాడి మాదిరి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే ఇంటికి పొమ్మంటావా?"

"వద్దులే. పోయినా మీ ఇంటికి తలుపు లేదు, జమాల్‌బీ అక్క నిన్ను బయట నిలబెట్టడానికి కూడా వీల్లేదు. పట్టు. ఎంతసేపైనా కానీ, నా వంతు నేనే లాగతా."

ఆ రోజు పొద్దుగూకేసరికి ఒక్క కోతే తెగింది. పద్మనాభయ్య వచ్చి అరచెయ్యి ఆనించి నిమిరి చూశాడు. ఎక్కడా అల తగలలేదు.