తూకానికి తీసిన మెట్టెలు

మా పెళ్ళయిన కొత్తల్లో వానలకు కరువు గాని బండలకు కొదవ లేదు. బుక్కరాయసముద్రం దగ్గర మా ఊళ్ళో నీళ్ళకు పోవాలన్నా, చెనిక్కాయ చేనుకు పోవాలన్నా రాళ్ళ మీదే నడక. (అత్తగారి ఎదుట కోడలు చెప్పులేసుకునే కాలం కాదు లెండి.) ఆ నడకకు నా వెండి మెట్టెలు దారప్పోగుల్లా అరిగి, పుటుక్కున తెగిపోయాయి. మా అత్త నా కాళ్ళ వైపు చూసి, "మెట్టెలు తొడుక్కుంటాండావా, తింటాండావా మ్మే?" అంది. మా ఆయన మాత్రం పలకలేదు. ఆయన దేనికీ పలికే మనిషి కాదు. ఊళ్ళో ఆయనకు 'ఉలకడు' అనే పేరు. (నాకు సంతకం వరకే చదువు, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మామ పేరు దగ్గర ఆమెకూ నవ్వాగలేదు.)

ఆయన అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో హెల్పరు. అక్కడ పరిశోధన చేసే ఒక సారు ఉండేవాడు. మనిషి అగ్గిపుల్లలా ఉంటాడని ఆయన్ను మేం సన్నసారు అనుకునేవాళ్ళం. ఆయన పనంతా మెగ్నీషియం కలిసిన ఒక లోహం మీద. అది అల్యూమినియం కంటే తేలికట, కాని రాపిడికి తొందరగా అరిగిపోతుందట. బెంగుళూరు తీసుకుపోయి దాని మీద లేజర్ వెలుగు పారిస్తే పైపొర కరిగి, రెప్పపాటులో మళ్ళీ గడ్డకట్టి గట్టిపడుతుందట. లోపలిది మామూలుగానే ఉంటుందట, పైన కాలి లోపల మెత్తగా ఉన్న జొన్నరొట్టెలా. (ఈ పోలిక నాది, సారుది కాదు.) మా ఆయన మిగిలిన ముక్కల్లోంచి రెండు మెట్టెలు కోసి, సారు బల్ల మీద పెట్టి, నోరు తెరవకుండా నిలబడ్డాడట. సారు నవ్వి, కుడికాలి దానికి మాత్రం లేజర్ పట్టించి తెచ్చాడు. "మీ ఇంటామె కాళ్ళ కంటే మంచి పరీక్ష యాడుంటాదప్పా? వానాకాలం పోయినాక తెచ్చియ్యి. ఏది ఎంత అరిగిందో తూకం వేస్తా. పులుపు తగిలితే ఇది కరిగిపోతాది, తగలనీయొద్దని చెప్పు" అన్నాడు. మా ఆయన తల ఊపి వచ్చాడు.

అవి ఈక బరువు. ఉన్నాయో ఊడాయో అని నడుస్తూ నడుస్తూ వంగి చూసుకునేదాన్ని. వానాకాలం వాన లేకుండానే గడిచింది. ఒక పొద్దున మా ఆయన చెయ్యి చాపి, "మెట్టెలియ్యి" అన్నాడు.

నేను కాళ్ళు చీర కిందికి ముడుచుకున్నాను. మొగుడు బతికుండగా మెట్టెలు తీస్తే ఆయనకు ఏమవుతుందో!

"తీయను."

"సారుకు మాటిచ్చినా."

"మాటెప్పుడు ఇస్తివి? తలే కదా ఊపితివి!"

ఆయన నవ్వలేదు. "సారు నన్ను నమ్మి చేసిచ్చినాడు మ్మే. ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని పోవల్ల?" అన్నాడు. అంత పొడవు మాట ఆయన నోట విని నేను మెత్తబడ్డాను. మెట్టెలు కాళ్ళకే ఉంచుకుని, కాలేజీకి ఆయన వెంట పోయాను. అక్కడ సారుకు నా షరతు చెప్పాను.

"వేళ్ళకు పసుపుదారం కట్టుకొని తీస్తా సార్. అవి మళ్ళా నా కాళ్ళకెక్కేదాకా ఈయన నా ముందర కూచోవల్ల. మాట్లాడతానే ఉండవల్ల. గమ్మునుంటే నాకు భయం."

"ఊపిరి తగిలినా వణికే తక్కెడమ్మా ఇది!" అన్నాడు సారు, అద్దాలపెట్టె చూపిస్తూ.

"అయితే వాకిట్లో కూచుంటాం."

సారు మెట్టెలు కడిగి, ఆరబెట్టి, పెట్టెలో పెట్టేసరికి కరెంటు పోయి తక్కెడ ఆగిపోయింది. తీసిన మెట్టెలు లోపల, మేమిద్దరం వాకిట్లో.

"మాట్లాడు" అన్నాను.

"ఏం మాట్లాడల్ల?"

"ఏదో ఒకటి. బతికుండావని తెలియల్ల."

ఆయన సైకిల్ చైను గురించి చెప్పాడు. ఎద్దుకు వచ్చిన గాలికుంటు గురించి చెప్పాడు. ఇంకేమీ దొరక్క చెమటలు తుడుచుకుని, "గుంతకల్లులో తప్పు బండెక్కి ఒకతూరి బళ్ళారి పోయినా. పనుండి పోయినానని మీ నాయనకు అబద్ధం చెప్పినా" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. కరెంటు రాలేదు. ఆయన నేల చూస్తూ మెల్లగా అన్నాడు: "నిన్ను చూసేదానికి వచ్చిన పొద్దు తల ఎత్తల్యా మ్మే. నీ కాళ్ళే చూసినా. మడమలకు ఎర్రమట్టి అంటుకొని ఉండె. ఈ కాళ్ళు మా ఇంట్లో తిరిగితే బాగుంటాది అనుకుంటి."

అప్పుడు కరెంటొచ్చింది. సారు సంబరంగా బయటికి వచ్చాడు. లేజర్ పట్టినది దాదాపు అట్లే ఉందట, పట్టనిది బాగా తరిగిందట. మెట్టెలు నా చేతిలో పెట్టబోయాడు. నేను చెయ్యి చాపలేదు.

"సార్, ఇంగొక తూరి తూకం వేయండి. సరిగ్గా పడిందో లేదో."

"ఇంతసేపూ తీయనని కొట్లాడింది నువ్వే కదమ్మా!" అని సారు నోరు తెరిచాడు. మా ఆయనకు మాత్రం అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడి, గొంతు సవరించుకున్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆడవాళ్ళు కూడి నా వేళ్ళ నుంచి మెట్టెలు తీసేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ళు లేరు. మొగుడు మాట్లాడుతున్నంతసేపూ చావు దగ్గరికి రాదని నమ్మిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అయినా ఆ వాకిట్లో ఇంకాసేపు కూర్చోనిస్తే, నేనూ ఆమెతో కలిసి సారును బతిమాలేదాన్నే.