స్లాబు కింద చాయ్

నా చిన్నప్పుడు మా తాత ఎవరింటికి పోయినా ముందు ఇంటివాళ్ల ముఖం చూసేవాడు కాదు, కప్పు చూసేవాడు. చేతికర్ర పైకెత్తి దూలాన్ని రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విని, ఆ తర్వాతే చెప్పులు విడిచేవాడు. విందుకు పోయినా అంతే, చావు పలకరింపుకు పోయినా అంతే. మా పెద్దత్తకు సంబంధం చూడబోయి, పిల్లవాడి ఇంట్లో దూలం డొల్లగా మోగిందని మంచినీళ్లయినా ముట్టకుండా లేచి వచ్చాడట. ఆ సంబంధం అక్కడితో సరి. "పిల్లను దూలానికిస్తున్నమా, పిలగానికిస్తున్నమా?" అని మా అవ్వ ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా నెత్తి కొట్టుకునేది.

అందులో ఆయన తప్పేమీ లేదు. గోదావరిఖనిలో భూమి లోపలి బొగ్గు గనిలో, మా వైపు బాయి అంటారు, ఆయన చేసిన పనే అది. బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా కర్రలు నిలబెట్టడం. ఏ షిఫ్టుకు దిగినా ముందు కర్రతో పై బండను తట్టి చూడాలి. ఖంగుమంటే కింద నిలబడొచ్చు, డొల్లగా మోగితే పక్కకు జరగాలి. ఒక చోట బొగ్గంతా తీయడం అయిపోయాక ఆ కర్రలనే ఒక్కొక్కటిగా వెనక్కి గుంజి, కప్పును కావాలనే కూలనిస్తారు. అలా గుంజుతున్న రోజునే మా తాతతో జోడీగా పనిచేసే మనిషి బండ కింద పోయాడు. ముఠా పెద్ద ఒకడు దూరంగా నిలబడి, ఏం గాదు గుంజుండ్రి అని కేకేశాడట. ఈ సంగతి తాత మాకు జీవితంలో ఒక్కసారే చెప్పాడు. చెప్పి, అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

అలాంటి మనిషి రిటైర్ అయ్యే కాలం వచ్చింది. క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊరి చివర కొనుక్కున్న జాగాలో ఇల్లు మొదలుపెట్టాడు. తనకైతే పెంకుల ఇల్లు చాలన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. పుట్టింట్లో కోతులు పెంకులు పీకుతుంటే, వానాకాలమంతా గిన్నెలూ తపేలాలూ పరుచుకుని మూలకు ముడుచుకుని పెరిగిన మనిషి. "నేను సచ్చేలోపు ఉరువని సొంతింట్ల ఒక్క వానాకాలమన్న పండుకోవాలె" అన్నది. స్లాబు ఇల్లే ఖాయమైంది.

స్లాబు అనగానే పర్మిషన్, పర్మిషన్ అనగానే మున్సిపాలిటీ ఓవర్సీరు. మంథని వైపు మనిషి. సన్నగా, కళ్లద్దాలతో, ఎప్పుడూ జేబులో టేపుతో ఉండేవాడు. మేం పిల్లలం ఆయనను టేపు సారు అనేవాళ్లం. పునాది నాడు వచ్చి కొలిచాడు, గోడలు లేచాక వచ్చి కొలిచాడు. కిటికీల పైన సజ్జ సందులోకి పొడుచుకొచ్చిందని, వెనక్కి కొట్టేయమన్నాడు. రేపు ఏ దవాఖాన బండో రావాలంటే సందు ఉండాలి కదా అన్నాడు. మా తాతకు ఒళ్లు మండింది. ఇన్ని ఇళ్లుండగా నా సజ్జే కనిపించిందా, ఈయన కంటికి ఇంకేదో కావాలి అనుకున్నాడు. సరే, ఏం కావాలో చూద్దామని చాయ్ తెప్పించాడు. ఆయన గ్లాసు ముట్టలేదు. "సంతకం వెట్టేదాక ఏ ఇంట్ల మంచినీళ్లు సుత తాగను, ఏమనుకోకుండ్రి" అని సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

అంతే, అనుమానం ముదిరింది. ఆ సాయంత్రం తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "చాయ్ తాగినోడు మాట మీద నిలవడ్తడు బిడ్డా. తాగనోడు మనసుల పెద్దదేదో వెట్టుకున్నట్టు. నువ్వు గాయన మీద ఒక కన్నేసి ఉంచు." నాకు అంతకు మించిన ఉద్యోగం ఏం కావాలి! బడి వదలగానే పరుగున పోయి ఇసుక కుప్ప మీద కూర్చుని టేపు సారునూ మేస్త్రీనీ సిమెంటు బస్తాలనూ అందరినీ దొంగల్ని చూసినట్టు చూసేదాన్ని. మేస్త్రీ బీడీ కోసం జేబులో చెయ్యి పెట్టినా నాకు అనుమానమే. తాతా మనవరాలూ ఇద్దరం కలిసి ఆ ఇంటి చుట్టూ ఒక్క మంచి మనిషిని కూడా మిగల్చలేదు.

స్లాబు పోశారు. దాని మీద మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలిపారు. కింద ఇల్లంతా సెంట్రింగ్ కర్రలు. పైన రేకులు, రేకుల కింద అడ్డపట్టీలు, వాటికి ఆనించి నిలువు కర్రలు, కర్రల అడుగున బిగించిన చెక్క ముక్కలు. గది వెడల్పును బట్టి ఆ కర్రలు ఎన్ని రోజులుంచాలో టేపు సారు ముందే చెప్పి పోయాడు. ఆ రోజులు నిండాయి. మేస్త్రీ మనుషులతో విప్పడానికి వచ్చాడు. మా తాత కర్ర పట్టుకుని గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"కర్ర గుంజితే కప్పు దిగుతది. నాకు నేర్పుతవా మేస్త్రీ?"

మేస్త్రీ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. తాత ఆ రోజు మొదలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సుత్తె తీసుకుని పోయి కర్రల అడుగున చెక్క ముక్కలను ఇంకా లోపలికి కొట్టి బిగించేవాడు. బాయిలో కర్ర వదులైతే అలాగే చేస్తారు. ఆయనకు తెలిసిన జాగ్రత్త అది. బంధువులు చెప్పి చూశారు, వినలేదు. మేస్త్రీ తన సామాను తనకిమ్మని మొత్తుకున్నాడు, వినలేదు. క్వార్టర్ ఖాళీ చేయాల్సిన నెలాఖరు దగ్గరికొచ్చింది, మబ్బులు పట్టాయి. క్వార్టర్‌లో సామాను మూటలు కట్టి ఉంది. ఇల్లు చూస్తే మనిషి అడ్డంగా పడుకునే జాగా లేదు. "కర్రల నడుమ సంసారం జెయ్యమంటవా? మేము కోళ్లమనుకున్నవా?" అని అవ్వ ఒకనాడు ఏడ్చినంత పని చేసింది. తాత తల దించుకుని విన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ సుత్తె తీసుకుని పోయాడు.

ఒక మధ్యాహ్నం టేపు సారు సైకిల్ మీద వచ్చాడు. ఎవరు పిలిచారని తాత అందరినీ గుచ్చి గుచ్చి చూశాడు. అవ్వ మేస్త్రీతో కబురు పెట్టిందని మాకు చాలా కాలం దాకా తెలియదు. ఆయన లోపలికి పోయి, కర్రల అడుగున ఆ చెక్క ముక్కలను చూసి, ముఖం చిట్లించాడు. ఎవరు బిగించారని అడిగితే తాత ఛాతీ విరిచి నేనే అన్నాడు. టేపు సారు కోపం చేయలేదు. "మీ బాయిల కప్పంటే గుట్ట. దానికి మీ కర్రే దిక్కు. దీనికి దిక్కు గోడలు, అడుగున పరిచిన ఇనుప చువ్వలు. కింది నుంచి మీరు నెట్టుకుంట పోతే ఇది పైన పగులుతది. రూల్ల రాసింది ఉత్తగనే కాదు పెద్దమనిషీ."

"గా రూల్ ఎవడు రాసిండు సారూ?" తాత గొంతులో వెటకారం నాకే వినిపించింది.

"బాయిల కప్పు తట్టి చూడంది లోపలికి పోవద్దని ఎవరు రాసిండ్రు?"

తాత తన చేతికర్ర వైపు చూసుకున్నాడు. తర్వాత, "ఎవడో సచ్చినంక రాసిండ్రు" అన్నాడు.

"ఇదీ గంతే" అన్నాడు టేపు సారు.

ఆ మాటకు తాత కొంచెం మెత్తబడ్డాడు. కానీ మాట మెత్తబడ్డంత మాత్రాన చెయ్యి కదలదు కదా. గడపలోంచి జరగలేదు. అప్పుడు టేపు సారు, "జర పైకి పొయ్యి స్లాబు మీద పగుళ్లేమన్న పడ్డయా చూసి రాండ్రి. మీ కన్నుకు దొరికినట్టు నా కన్నుకు దొరకదు" అన్నాడు. తాత నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఎక్కుతూ నాకు కళ్లతోనే సైగ చేశాడు, ఈయనను చూస్తూ ఉండు అని.

నేను చూస్తూనే ఉన్నాను. తాత పైకి చేరాడో లేదో, టేపు సారు చొక్కా చేతులు మడిచి, మేస్త్రీ దగ్గర చిన్న సుత్తె అడిగి తీసుకున్నాడు. సరిగ్గా గది నడిమధ్యకు పోయి గొంతు కూర్చుని, నడిమి కర్ర అడుగున ఉన్న చెక్క ముక్కను మెల్లగా తట్టి ఊడగొట్టాడు. తర్వాత దాని పక్కది. తర్వాత ఇంకొకటి. నడుమ నుంచి గోడల వైపుకు, తొందర లేకుండా. తాత చెప్పిందే నిజం, ఈయన మా ఇల్లు కూల్చడానికే వచ్చాడు!

"తాతా! సారు చెక్కలు ఊడగొడ్తుండు!"

తాత నిచ్చెన దిగాడో దూకాడో తెలియదు. వచ్చీ రాగానే నా రెక్క పట్టి గడప అవతలికి విసిరాడు. అప్పటికి అన్ని ముక్కలూ ఊడొచ్చాయి. టేపు సారు గది మధ్యలో, ఆ స్లాబు కింద, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. "లోపలికి రాండ్రి" అన్నాడు. తాత గడప దాటలేకపోయాడు. నాకు ఏడుపొచ్చింది. మా తాతకు భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఒక్కసారిగా లోపలికి ఉరికాడు. కర్రల కోసం కాదు. పోయి టేపు సారు జబ్బ పట్టుకుని గుంజాడు. "లే సారూ! నీకు దండం వెడ్త, బయటికి రా! ఇంకో మనిషిని బండ కిందికి ఇయ్య నేను!" అని అరిచాడు. ఆ గుంజులాటలో తాత భుజం పక్కనున్న కర్రకు తగిలింది. కర్ర ఊగింది.

తాత ఆగిపోయాడు. ఆ కర్రను పట్టి ఊపాడు. పక్క కర్రను ఊపాడు. అన్నీ వదులుగా కదులుతున్నాయి. బాయిలో పనిచేసిన వాడికి ఆ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. బరువు మోసే కర్రను మనిషి చేత్తో కదపలేడు. కర్ర ఊగుతోందంటే దాని మీద కప్పు లేదన్నట్టే. పైన స్లాబు తన బరువు తానే మోసుకుంటూ ఉంది.

తాత అక్కడే, టేపు సారు ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. చాలాసేపు పైకే చూశాడు. కళ్లు తుడుచుకుని, "దూరం నిలవడి గుంజుమన్నోన్ని చూసిన గని సారూ, కింద కూసోని గుంజినోన్ని నేనేడ చూడలే" అన్నాడు.

టేపు సారు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. కలం జేబులో పెట్టుకుని, గడపలో నిలబడ్డ మా అవ్వ వైపు తిరిగి, "ఇగ చాయ్ వెట్టుండ్రి" అన్నాడు. అవ్వ కొత్త ఇంటి గోడవారన మూడు రాళ్లు పెట్టి చాయ్ కాచింది. మేస్త్రీతో సహా నలుగురూ ఆ స్లాబు కిందే కూర్చుని తాగారు. నాకు కూడా సాసర్‌లో పోశారు.

కర్రలన్నీ విప్పారు గానీ నడుమ ఒక్కటి ఉండనిమ్మని తాత బతిమాలాడు. టేపు సారు ఒక షరతు పెట్టాడు. కర్రను నేలలో పాతుకోవచ్చు కానీ దాని కొసకూ స్లాబుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. అలాగే ఉంచారు. దేన్నీ మోయని ఆ కర్ర తాత ఉన్నన్నాళ్లూ మా నడిమింట్లో నిలబడి ఉంది. అవ్వ దానికి గొడుగు తగిలించేది. మొదటి పెద్ద వాన కురిసిన నాడు ఆమె అలవాటు చొప్పున గిన్నెలు పరిచి, ఒక్క చుక్కా పడకపోయేసరికి, వాటి మధ్యనే పడుకుని నిద్రపోయింది. తాత కర్రకు ఆనుకుని ఆమెను చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు నాతో ఒక మాట అన్నాడు. "మాట జూసి నమ్మకు బిడ్డా, చాయ్ జూసి సుత నమ్మకు. ఏడ నిలవడ్డడో జూడు."

ఇప్పుడు నాకే మనవలున్నారు. అనుమానం మాత్రం తగ్గలేదు, అది తాత ఇచ్చిన ఆస్తి. ఈ ఎండాకాలం మా అబ్బాయి మేడ మీద గది వేశాడు. ఈ కాలం పర్మిషన్ కంప్యూటర్లో వస్తుంది, చూడడానికి వచ్చిన పిల్ల ఓవర్సీరు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని పోయింది. కర్రలు ఎన్ని రోజులుంచాలో ఆమె చెప్పిన గడువు ఇంకా సగం కూడా కాలేదు. మేస్త్రీ వచ్చి, వేరే చోట సామాను కావాలి, రేపే విప్పేస్తాను అన్నాడు. సిమెంటు ఇప్పుడు జల్ది గట్టిపడుతుందట. మా వాడు సరే అనబోయాడు.

నేను కిందికి పోయి చాయ్ పెట్టుకొచ్చాను. స్టూలు తెచ్చి ఆ కర్రల మధ్య, సరిగ్గా గది నడుమ వేశాను.

"విప్పుదువు గని తమ్మీ. ముందు ఈడ కూసోని చాయ్ తాగు, మావోడు నడిమి కర్ర గుంజి చూస్తడు."

మేస్త్రీ ఒకసారి స్టూలు వైపు చూశాడు, ఒకసారి పైకి చూశాడు. గ్లాసు అందుకుని, "ఈడ ఉక్కపోస్తుందమ్మా, బయట గాలి మంచిగొస్తది" అంటూ మెల్లగా గది దాటి ఆరుబయటికి, మే నెల రామగుండం ఎండలోకి పోయి నిలబడ్డాడు.

మా వాడు నా ముఖం చూశాడు. నేను స్టూలు తీసి పక్కన పెట్టాను. కర్రలు ఉండనీ అన్నాను.