అద్దం దగ్గర ఒకే సీసా

ఆమెను అందరూ దూదక్క అంటారు. వీధి చివర, మందుల షాపు పైన, ఒక కుర్చీ, ఒక అద్దం, కిర్రుమనే ఫ్యాను ఉన్న బ్యూటీ పార్లర్ ఆమెది. ఏ మొహం మీద చెయ్యి వేయాలన్నా ముందు రెండు తడి దూది ముక్కలు కళ్ళ మీద పెడుతుంది. పెట్టాకే అడుగుతుంది: "డేట్ ఎప్పుడమ్మా?"

కళ్ళలోకి చూస్తూ అడిగితే ఏ ఆడదీ సరిగ్గా చెప్పదు. కళ్ళు మూస్తే అడగనివి కూడా చెబుతుంది. నెలసరి డేట్ దగ్గరపడ్డాక మొహం జిడ్డుదేరుతుంది, ముట్టుకుంటే మండిపోతుంది. అప్పుడు దూదక్క వెంట్రుకలు పీకే వాక్స్ జోలికి పోదు. "పోయి వచ్చే వారం రా తల్లీ" అని పంపేస్తుంది. వచ్చిన బేరాన్ని తరిమేయడంలో ఈమెను మించినవాళ్ళు లేరని కింద మందుల షాపాయన వేళాకోళం.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. ఊరందరినీ అడిగే ఆ మాటను సొంత కూతురిని ఒక్కసారీ అడగలేదు. పిల్ల ఈడేరిన కొత్తలో ఏదో చెప్పబోతే "ఛీ, అమ్మా!" అని చెవులు మూసుకుని పారిపోయింది. తర్వాత ఇద్దరి మధ్యా మాటలు లేని ఏర్పాటు ఒకటి కుదిరింది. స్నానాల గది అద్దం దగ్గర దూదక్క ఒకే సీసా ఉంచుతుంది. కూతురి గడ్డం మీద మొటిమలు తలెత్తగానే మొటిమల జెల్ పెడుతుంది. అవి తగ్గి బుగ్గలు పొడిబారగానే జెల్ తీసేసి చిక్కటి క్రీము పెడుతుంది. పిల్ల అడగదు, తల్లి చెప్పదు. కాలేజీ చదువు మొదలయ్యాక కూడా అలాగే నడిచింది.

ఆ ఉదయం చూస్తే జెల్ సీసా ఖాళీ.

ఏడాది రావలసిన సీసా. దూదక్క అలమరా తెరిచింది. క్రీము సీసా మూత మీద దుమ్ము పేరుకుని ఉంది. అంటే ఈ మధ్య దాన్ని బయటికి తీసిందే లేదు. మొటిమలు వచ్చాయి గానీ పోలేదు. మొదట ఎండ వేడి అనుకుంది, తర్వాత పరీక్షల బెంగ అనుకుంది. వేరే ఎవరి మొహమైనా అయితే రెండో వారమే పట్టేసేది.

పార్లర్ పక్క గదిలో బట్టలు కుట్టే టైలరమ్మ మొన్న నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. "మీ అమ్మాయి నడుము కొలత మారిందే! మొహం నిండా మొటిమలు కూడానూ. ప్రేమో దోమో, కాస్త కనుక్కో!" మొన్న తనూ నవ్వింది. ఇప్పుడు ఆ మాటకు వేరే అర్థం తోచింది. కీడెంచి మేలెంచమన్నారు. దూదక్క కీడంతా ఎంచేసింది, మేలు దగ్గరికొచ్చేసరికి ఓపిక లేకపోయింది.

పార్లర్‌కు వెళ్ళినా ధ్యాస ఇంటి మీదే ఉంది. పాత కస్టమర్ పెదవి మీదికి వేడి వాక్స్ తీసుకెళ్ళింది. "అదేంటక్కా, ఇవాళ అడగలేదు? రేపో ఎల్లుండో నా డేట్!" అని ఆవిడే ఆపింది. దూదక్క గరిటె కింద పెట్టేసింది. ఇన్నేళ్ళ పనిలో అడగడం మరచిపోవడం అదే మొదలు.

సాయంత్రం కూతురు ఇంటి తాళం కోసం వచ్చింది.

"కూర్చో."

"నాకేం వద్దమ్మా, తలనొప్పిగా ఉంది."

"కూర్చోమన్నానా!"

పిల్ల కూర్చుంది. దూదక్క తలుపు గడియ పెట్టి, ఆ కళ్ళ మీద తడి దూది పెట్టింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు మాట రాదే! చివరికి కస్టమర్‌ని అడిగినట్టే అడిగేసింది. "డేట్ ఎప్పుడమ్మా?"

పిల్ల కుర్చీ చేతులు పట్టుకుంది. "నువ్వు కూడా పెట్టుకో."

"ఏంటి?"

"దూది. నువ్వు చూస్తుంటే నేను చెప్పలేను."

దూదక్క స్టూలు మీద కూర్చుని, తల గోడకు ఆనించి, తన కళ్ళ మీదా దూది పెట్టుకుంది. ఇన్నేళ్ళలో అది ఎంత చల్లగా ఉంటుందో ఆమెకు తెలియనే లేదు. ఫ్యాను కిర్రుమంటోంది.

"రావట్లేదమ్మా. మూడు నెలలైంది."

దూదక్క మనసు నేరుగా టైలరమ్మ మాట మీదికి పోయింది.

"నువ్వనుకునేది కాదు. అలాంటిదేం లేదు. ముందు అదే అనుకుంటావనే చెప్పలేదు."

"నేనేం అనుకోలేదే," అంది దూదక్క. అబద్ధం. సిగ్గుతో దూది కింద కళ్ళు మండాయి.

"గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. తలుపేసుకుని గీసుకుంటున్నా. లోపల ఏదైనా గడ్డ పెరుగుతోందేమోనని రోజూ పొట్ట నొక్కి చూసుకుంటున్నా. చచ్చిపోతానేమోనమ్మా."

తను ఎవడో కుర్రాడికి భయపడింది. పిల్ల చావుకు భయపడుతోంది, అదీ పక్క గదిలోనే, ఒక్కతే. దూదక్క గుడ్డిగా చెయ్యి చాచింది. నీళ్ళ గిన్నె బోర్లాపడింది. ఇద్దరూ లేవలేదు. చెయ్యి దొరికింది.

"ఇలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తుంటారే. హార్మోన్ల తేడా అంటారు. మందులు వాడి బాగుపడ్డారు."

"అందరూనా?"

దూదక్కకు తెలియదు. కొందరు మళ్ళీ రాలేదు. "రేపు పార్లర్ తెరవను. డాక్టర్ దగ్గరికి పోదాం," అంది.

"అక్కడ ఇవన్నీ అడుగుతారేమో."

"అడిగితే చెప్పు. కావాలంటే నేను కళ్ళు మూసుకుని కూర్చుంటా."

తర్వాత దూదక్క కళ్ళ మీది దూదిని వేళ్ళు మెల్లగా తీసేశాయి. ఎదురుగా కూతురి మొహం, ఎర్రగా, తడిగా, దవడ పొడుగునా మొటిమలతో.

"వద్దమ్మా. నన్నే చూస్తూ ఉండు. నాకు భయంగా ఉంది."