ఎల్డన్ స్ట్రౌప్‌కు వినపడని చప్పుడు

ఎల్డన్ స్ట్రౌప్‌కు చెవుడు వచ్చిన సంగతి మా ఊళ్ళో అందరికంటే ముందు కనిపెట్టింది ఆయన కోడలు మేవిస్. కనిపెట్టి ఎవరికీ చెప్పలేదు. ఆయనతో కూడా ఆ మాట ఎత్తలేదు.

ఒహైయో నదికి ఇవతల, పాత పొగాకు గోదాముల వెనక వీధిలో ఎల్డన్‌కు ఇంజన్ల షెడ్డు ఉండేది. నేను అందులో సిలిండర్లు తొలిచే మిషను మీద పనిచేసేవాణ్ణి. తిన్నని దారిలో వేగం తేల్చుకునే డ్రాగ్ రేసులకు వెళ్ళే కార్లు చుట్టుపక్కల ఊళ్ళన్నిటి నుంచీ మా దగ్గరికే వచ్చేవి. ఎల్డన్‌ను అందరూ పెద్దాయన అనేవారు. ఆయనకు పేరొచ్చింది చెవి వల్లనే. నడుస్తున్న ఇంజను పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, ఏ సిలిండరులో తేడా ఉందో చెప్పేవాడు. వయసులో ఉండగా అది నిజమే. కానీ జీవితమంతా ఆ మోతలో నిలబడితే ఎవరి చెవులు మాత్రం మిగులుతాయి?

మేవిస్ ఆయన కొడుకు టెరెల్ భార్య. టెరెల్ అందగాడు, మాటకారి, రోజంతా పడవలో కూర్చుని చేపలు పట్టమన్నా పడతాడు. షెడ్డులో పనంటే మాత్రం ఒళ్ళు వంగదు. అతను చెయ్యాల్సిన సిలిండర్ హెడ్లు, అంటే సిలిండర్ల మీది మూతలు, పెళ్ళయిన కొత్తలోనే మేవిస్ చెయ్యడం మొదలుపెట్టింది. గాలి లోపలికి వెళ్ళే దారుల్ని చిన్న గ్రైండరుతో చెక్కడం, వేలు దూర్చి తడమడం, మళ్ళీ చెక్కడం. జుట్టు నిండా అల్యూమినియం పొడితోనే చర్చికి వచ్చేది. ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఆమెకు పట్టేది కాదు.

ఒక జనవరిలో మంచు పేరుకున్న వంతెన మీద టెరెల్ పికప్ ట్రక్కు జారి నదిలో పడింది. శవపేటిక పక్కన నిలబడి పెద్దాయన కోడలితో అన్న మాట నా చెవినబడింది.

"వాడు పోయాడు. నువ్వు మాత్రం నిక్షేపంలా ఉన్నావు."

అయినా మేవిస్ వెళ్ళిపోలేదు. షెడ్డు వెనకున్న ఇంట్లోనే ఉండి, ఆయనకు వండిపెడుతూ, హెడ్లు చెక్కుతూ ఉండిపోయింది. ఆమెకు వేరే పని తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఇంజను బలం కొలిచే గది మా షెడ్డులో ఒక మూల ఉండేది. ఇంజనును లోపల నీటితో అడ్డుపట్టే బ్రేకుకు బిగించి, అద్దం ఇవతల నుంచి వేగం పెంచే థ్రాటిల్ పిడి లాగుతాం. బలం ఎంతో లోపలి ముల్లు చూపిస్తుంది. లోపల ఇంజనుకు ఒక రాగి గొట్టం బిగించి, దానికి రబ్బరు గొట్టం తొడిగి, గోడలోంచి ఇవతలికి తెచ్చి రెండుగా చీల్చాడు పెద్దాయన. రెండు కొసలకీ రెండు చెవి డిప్పలు. ఒకటి ఆయనకు, ఒకటి మేవిస్‌కు. వినాల్సిన చప్పుడు ఒక్కటే. సిలిండరులో ఒత్తిడి మితిమీరితే, మంట అంచుల దాకా పాకేలోపే పెట్రోలు దానంతటదే పేలుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంటుంది. నాకింగ్ అంటాం. అది వినపడిందంటే థ్రాటిల్ వెంటనే వదిలెయ్యాలి. లేకపోతే పిస్టన్లు ముక్కలవుతాయి.

పెద్దాయన డిప్పలు పెట్టుకుని థ్రాటిల్ లాగేవాడు. వెనక నిలబడ్డ మేవిస్ గులకరాళ్ళు వినపడగానే ఆయన భుజం మీద చెయ్యి వేసేది. ఆయన వదిలేసేవాడు. "విన్నాలే, నాకు చెవుల్లేవా," అని విసుక్కునేవాడు. చూసినవాళ్ళు ఆ చెయ్యి ప్రేమ అనుకునేవారు.

ఆ వేసవిలో ఫర్నిచర్ కొట్టు బర్ల్ గాఫ్నీ వచ్చాడు. పాత షెవెల్ కారు ఉంది, దానికి ఇంజను కావాలన్నాడు.

"గాలి ఊదే మిషన్లు వద్దు పెద్దాయనా. సీసాల్లో గ్యాసులూ వద్దు. రేసు పెట్రోలు అసలే వద్దు. మా కొట్టు ఎదురు బంకులో పట్టించుకుని చర్చికెళ్ళాలి, అట్నించి అటే రేసుకెళ్ళాలి. ఎనిమిది వందల హార్స్‌పవర్ కావాలి."

"అన్ని గుర్రాలు కావాలంటే నది దాటి కెంటకీ వెళ్ళు. అక్కడ గడ్డి మేస్తుంటాయి," అన్నాడు పెద్దాయన. నవ్వాడు గానీ, పని ఒప్పుకున్నాడు.

బంకు పెట్రోలుతో అంత బలం రప్పించడం మాటలు కాదు. బలం కావాలంటే ఒత్తిడి పెంచాలి. పెంచితే ఆ పెట్రోలు తట్టుకోదు. మేవిస్ ఒత్తిడి జోలికి పోలేదు. పెద్ద ఇంజను తీసుకుని, దానికి గాలి ధారాళంగా అందేలా చెయ్యాలనుకుంది. మంట మండే గుంటల్లో పదునైన అంచు అన్నది లేకుండా నున్నగా అరగదీసింది. అంచు ఎర్రగా కాలితే అక్కడే పేలుడు మొదలవుతుందని ఆమె భయం. గాలి దారుల్లో మైనం పోసి అచ్చు తీసుకుని, ఆ అచ్చును కిటికీలో పెట్టుకుని గంటలు గంటలు చూసేది. నచ్చక రెండు హెడ్లు పక్కన పారేసింది. వేసవంతా అదే పని.

ఇంజను కొలిచే రోజు బర్ల్ తన స్నేహితుల్ని నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. అతను హెడ్ల మీద వేలు పెట్టి రాస్తూ, "ఎవరు చేశారివి? వెన్న పూసినట్టున్నాయి," అన్నాడు.

మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పెద్దాయన పట్టేసేవాడు.

"మా టెరెల్ పోకముందు గీసి పెట్టుకున్నాడు. ఈ అమ్మాయి దాని మీద దిద్దిందంతే."

మేవిస్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "టెరెల్ ఏమీ గియ్యలేదండీ. మీకు తెలుసు."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "వాడి మంచంలో పడుకున్నంత మాత్రాన వాడి బుర్ర నీకొస్తుందా? ఒక పిల్లను కనలేకపోయావు, ఇంజన్ని కంటావా?"

బర్ల్ స్నేహితుల్లో ఇద్దరు నవ్వారు. మేవిస్ గుడ్డతో చేతులు తుడుచుకుంది. తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడిచింది.

మొదటిసారి లాగినప్పుడు ముల్లు ఎనిమిది వందలకు కాస్త ఇవతల ఆగింది. చప్పుడు శుభ్రంగా ఉందని మేవిస్ ముఖమే చెప్పింది. కార్బ్యురేటరులో చిన్న మార్పు చేస్తే మిగతాది కూడా వచ్చేది. పెద్దాయన ఆగలేదు. స్పానరు పట్టుకుని లోపలికెళ్ళి, డిస్ట్రిబ్యూటర్ తిప్పి, బలం పెరిగేలా స్పార్కు ఇంకా ముందే పడేటట్టు జరిపాడు. ఆ రోజు ఎండ కూడా మండిపోతోంది.

"ఎక్కువైందండీ. ఈ పెట్రోలు తట్టుకోదు," అంది మేవిస్.

ఆ మాట ఆయన వీపుతో అంది. ఇన్నేళ్ళలో ఆమె అలా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఎదుటికి వెళ్ళి, ముఖంలోకి చూస్తేనే నోరు తెరిచేది.

ఆయన వచ్చి థ్రాటిల్ దగ్గర కూర్చుని డిప్పలు పెట్టుకున్నాడు. మేవిస్ తన డిప్పలు తీసి బర్ల్‌కు ఇచ్చింది.

"ఇవాళ మీరు వినండి. మీ ఇంజనేగా."

వెనక్కొచ్చి నా పక్కన, పనిబల్లకు ఆనుకుని చేతులు కట్టుకుంది.

పెద్దాయన థ్రాటిల్ లాగాడు. ముల్లు ఎక్కుతోంది. బర్ల్ కనుబొమలు ముడిపడ్డాయి. డిప్పల్ని చెవులకు గట్టిగా నొక్కుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా పీకేసి, "ఆపండి, ఆపండి, గలగలమంటోంది," అని అరిచాడు. పెద్దాయన అద్దంలోంచి ముల్లునే చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. ఎనిమిది వందలు దాటింది. ఆయన ఎడమ చెయ్యెత్తి, చూశారా అన్నట్టు ఊపాడు. నేను ముందుకు కదిలాను. అప్పటికే లోపల పిడుగు పడ్డట్టయింది. పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డు ఒకటి ఇంజను పక్కను చీల్చుకుని బయటికొచ్చింది. కాలిన నూనె అద్దం మీద చిమ్మింది.

పెద్దాయన లేచి డిప్పలు తీశాడు. "చప్పుడంతా బాగానే ఉందే," అన్నాడు. "లోపమున్న బోల్టు ఏదో పడినట్టుంది."

బర్ల్ నెమ్మదిగా ఆయన వెనక్కి వెళ్ళి, బల్ల మీది పెద్ద స్పానరు తీసి, సిమెంటు నేల మీద పడేశాడు. మేమందరం ఉలిక్కిపడ్డాం. పెద్దాయన కదల్లేదు. నూనె కారుతున్న అద్దాన్ని చూస్తూనే ఉన్నాడు. మా ముఖాలు చూసి, తర్వాత వెనక్కి తిరిగి నేల మీది స్పానరు చూశాడు. అప్పుడు కూర్చున్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక మేవిస్‌ను అడిగాను.

"నీకు తెలుసు కదా, అది పోతుందని?"

"తెలుసు."

"వేసవంతా కట్టావే."

"ఇంజన్ మళ్ళీ కట్టుకోవచ్చు, వెండెల్," అంది. చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది.

ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పెద్దాయన పొద్దున్నే కాఫీ తాగే హోటల్లో అదొక ఆటయింది. నిన్నటిదాకా ఆయనకు కుర్చీ జరిపి ఇచ్చినవాళ్ళే వెనక నుంచి, "ఏం ముసలోడా, ఇంకా చావలేదా," అని ప్రేమగా పలకరించినట్టు అనేవారు. ఒకడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఎదురుగా కూర్చుని గొంతు రాకుండా వట్టి పెదాలు ఆడించేవాడు. అర్థమయ్యే మాటలు కూడా కావు. పెద్దాయన వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చివరికి "అవునవును" అనేవాడు. బల్లలన్నీ నవ్వేవి. వాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి ఆయనా నవ్వేవాడు. ఒకరోజు మేవిస్ కూడా అక్కడే ఉంది. ఆపిల్ కూరిన తీపి రొట్టె తింటోంది. ముక్క పూర్తిచేసి, కాఫీ తాగి, ఆయన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

ఆకులు రాలే కాలానికి రెండో ఇంజను తయారైంది. బర్ల్ ఈసారి నేరుగా మేవిస్‌తోనే మాట్లాడాడు. ఇంజను పైని వాల్వు మూతల మీద కట్టినవాళ్ళుగా ఎవరి పేరు వెయ్యాలని అడిగాడు.

"స్ట్రౌప్ అనే వెయ్యండి. నా పేరూ అదేగా."

కొలిచే రోజు పెద్దాయన శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మేవిస్ ఆయన ముఖంలోకి చూసి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మీరు బయట ఉండండి. ఇరుకవుతుంది." గదిలో మేవిస్, బర్ల్, నేను, ముగ్గురమే ఉన్నాం.

ఇంజను ఎనిమిది వందలు దాటి, ఇంకాస్త పైకి వెళ్ళి నిలబడింది. గులకరాయి చప్పుడు ఒక్కటి లేదు. నేను గాలికోసం తలుపు తెరిస్తే, పెద్దాయన బయట గోడ రేకుకు రెండు అరచేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. రేకు అదురుతోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం నన్ను కూడా భోజనానికి ఉండమన్నారు. బీన్సు, మొక్కజొన్న రొట్టె. మేవిస్ పొయ్యి దగ్గర ఉంది.

"అమ్మాయీ, నాకింగ్ ఏమైనా వచ్చిందా?" అని అడిగాడు ఆయన. ఆ గొంతులో అధికారం లేదు.

"లేదు. ఒక్కసారి కూడా రాలేదు. మీరు విని ఉంటే మురిసిపోయేవారు," అంది మేవిస్. పొయ్యి వైపు తిరిగే అంది.

ఆయన ఆమె వీపును చూశాడు. నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోపే మేవిస్, "వెండెల్, ఇంకో ముక్క వేసుకో," అని పళ్ళెం నా ముందుకు నెట్టింది. పెద్దాయన మా ఇద్దరినీ చూసి, చెంచా తీసుకుని తినసాగాడు. మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత షెడ్డులోకి కూడా రాలేదు.

ఫిబ్రవరిలో ఆయన పోయాడు. నిమోనియా అన్నారు. సమాధి దగ్గర బర్ల్ టోపీ చేతిలో పట్టుకుని మేవిస్ పక్కకొచ్చాడు.

"అసలు ఆయనకి ఎప్పట్నుంచి వినపడటం లేదు?"

"నాకు తెలీదు," అంది మేవిస్. కోటు గుండీలు పెట్టుకుంది. "శనివారం కారు తీసుకురండి. వాల్వులు ఓసారి సరిచూడాలి."