చిన్న ఎల్, పెద్ద ఎల్

2003 జూన్‌లో నన్ను బెంగళూరు దగ్గరి ఆనేకల్ యూనిట్ నుంచి బొమ్మనహళ్ళి యూనిట్‌కు క్వాలిటీ ఇన్‌ఛార్జిగా బదిలీ చేశారు. మాది చొక్కాలు కుట్టి విదేశాలకు పంపే గార్మెంట్ ఫ్యాక్టరీ. లైనుకు నలభైమంది టైలర్లు, వాళ్ళ మీద ఒక సూపర్‌వైజరు. లైను చివర చెకర్లు ప్రతి చొక్కానూ చూస్తారు. పెట్టెలకెక్కే ముందు కొన్నింటిని తీసి నేను మళ్ళీ చూస్తాను. తప్పు కనబడితే ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపడం నా పని. టార్గెట్ పూర్తి చేయించడం సూపర్‌వైజరు పని. కాబట్టి మూడో లైను సూపర్‌వైజరు నంజుండప్పకూ నాకూ రోజూ వాదనే. ఆయన ఆనేకల్ వైపు తెలుగువాడు. పెద్ద మీసం, పెద్ద గొంతు.

ఆ వానాకాలంలో ఆయన లైనులో ఓబులమ్మ అనే టైలరు జ్వరంతో సెలవడిగింది. అనంతపురం నుంచి వచ్చిన మనిషి, కాలరు కుట్టడంలో ఆమెకు సాటి లేదు. నంజుండప్ప కసిరి మిషను దగ్గరికి పంపాడు. గంటలో ఆమె మిషను మీదే వాలిపోయింది. రెండు రోజుల్లో కోలుకుని వచ్చిందిగానీ, నా మనసులోంచి ఆ దృశ్యం పోలేదు. ఆమెను అడిగి, దాన్నే కథగా రాశాను. పేర్లు మార్చాను. మీసం మార్చడం మరిచిపోయాను.

అప్పట్లో ఇంటర్నెట్‌లో ఒక తెలుగు పత్రిక నెలనెలా వచ్చేది. దానికి కథ పంపాలంటే తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. ఒక సాఫ్ట్‌వేర్ వాటిని తెలుగులోకి మారుస్తుంది. చిన్న ఎల్ కొడితే ‘ల’, పెద్ద ఎల్ కొడితే ‘ళ’. భోజనం వేళల్లో ఆఫీసు కంప్యూటర్ వాడుకోవడానికి ఫ్యాక్టరీ మేనేజరు అనుమతి తీసుకున్నాను. కథ దేని గురించో మాత్రం చెప్పలేదు. టైపు చేయడానికి పదకొండు రోజులు పట్టింది.

నెలన్నరకు సంపాదకుడి మెయిలు వచ్చింది: కథ బాగుంది, వచ్చే సంచికలో వేసుకుంటున్నాం. నలభై ఏడేళ్ళ వయసులో మెట్లు రెండేసి చొప్పున దిగి ఫ్లోరంతా తిరిగాను. ఆ మధ్యాహ్నం నేను ఒక్క చొక్కా కూడా వెనక్కి పంపలేదని చెకర్లు ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. రెండు పంపాను.

సంచిక వచ్చిన రోజు ఓబులమ్మతో సహా పదిమంది టిఫిన్ డబ్బాలతోనే నా గదిలోకి వచ్చేశారు. తెరమీద నా పేరు చూపిస్తే ఓబులమ్మ చప్పట్లు కొట్టింది. పైకి చదవడం మొదలుపెట్టాను. సగంలో తలుపు దగ్గర నంజుండప్ప కనబడ్డాడు.

“నా కథ ఏదో రాసిండారంట గదా మేడమ్. చదవండి, నేనూ ఇంటాను,” అన్నాడు.

ఆఫీసు కంప్యూటర్ మీద తనను అవమానిస్తూ రాశానని ఆయన మేనేజరుకు ఫిర్యాదు చేస్తే సంజాయిషీ రాసివ్వాల్సింది నేనే. చదవడం ఆపితే ఇంకా అనుమానం. చదివాను. కథలో టైలరు వాలిపోయింది. ఎవరూ ముద్ద నోట్లో పెట్టడం లేదు. ‘సూపర్‌వైజరు మాట్లాడలేక కళ్ళు దించుకున్నాడు’ అన్నది నేను రాసిన చివరి వాక్యం. తెరమీద ఉన్నది ఉన్నట్టు చదివేశాను: “సూపర్‌వైజరు మాట్లాడలేక కల్లు దించుకున్నాడు.” పెద్ద ఎల్ కొట్టాల్సిన చోట చిన్నది కొట్టాను. అది నా కంటా పడలేదు, సంపాదకుడి కంటా పడలేదు.

“యా చెట్టెక్కి దించినాడు మేడమ్?” అంది ఓబులమ్మ.

అంతే, అందరూ పగలబడి నవ్వారు. ఒకామె డబ్బాలోని చిత్రాన్నం నా ఫైళ్ళ మీద ఒలికింది. నంజుండప్ప గోడ పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వు ఆగాక ఓబులమ్మ వైపు తిరిగి, “ఆ పొద్దు నీకు సెలవు ఇయ్యాల్సిండె. తప్పు నాదే ఉండాది,” అన్నాడు.

“పోనీలేన్నా, ఈసారి జొరమొస్తే ఇస్తువు గానీ,” అందామె.

సంపాదకుడికి మెయిలు పంపితే గంటలో ‘ళ’ పెట్టారు. నంజుండప్ప మాత్రం దిద్దకముందు తీసిన ప్రింటే కావాలని పట్టుబట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. స్టిక్కర్ల మీద మా వాదనలు నేను రిటైరయ్యేదాకా సాగాయి.

మా విభాగంలో ఒక నియమం ఉంది: ఎవరు కుట్టిన చొక్కాను వాళ్ళు చెక్ చేయకూడదు. కుట్టిన కంటికి తప్పు ఆనదు. ఇరవయ్యేళ్ళు ఆ నియమాన్ని అమలు చేసిన నేను దాన్ని నా కథకు పాటించలేదు. ఆ తర్వాత ఏ కథనైనా మరొకరి చేత చదివించాకే పంపాను. దొరికితే, ఆ కథలో ఉన్న మనిషి చేతనే.