రెండో ఆటలో మొదటి సొరంగం

"రెండో ఆట రాంగనె నన్ను పిలువుండ్రి."

"పిలుస్తం గని, ముందుగాల చాయ తాగు."

మా ఆయనతో నా ఆఖరి మాటలు అవే. ఆ చాయ చల్లారకముందే పోయాడు.

బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మనిషి. కోడలు కంప్యూటర్లో కత్తి వీరుడి ఆట ఆడుతుంటే పక్కనే కూర్చునేవాడు. ఆటలో సొరంగం కనబడితే చాలు, కత్తితో పైకప్పు కొట్టి చప్పుడు వినందే వీరుణ్ణి లోపలికి పోనిచ్చేవాడు కాదు. కప్పు కూలుతుందో లేదో తెలుసుకోవడానికి బావిలో అందరూ చేసేది అదే.

మొన్న ఆ వీరుడిదే రెండో ఆట వచ్చింది. ఆయన లేకుండా చూడబుద్ధి కాక నేను వంటింట్లోనే ఉన్నాను.

"అత్తమ్మా, జల్ది రా! గీసారి వాన సూడు ఎట్ల కొడ్తుందో!" అని కోడలు కేకేసింది.

వెళ్లాను. అబ్బ, ఏం వాన! తెరమీద వీరుడి గుర్రం ఒళ్లు విదిలిస్తే చినుకులు నా మీదే పడ్డట్టయింది. అంతలో సొరంగం వచ్చింది.

"ఆగు పిల్లా, పైకప్పు కొట్టి సూడు!"

కొట్టింది. ఠంగుమంది. కప్పు గట్టిదేనని మేము మురిసేలోపు, వెనకనుంచి రాక్షసుడొచ్చి వీరుణ్ణి చంపేశాడు.

"మామ బతికిచ్చేటోడు, నువ్వు సంపిస్తివి గద అత్తమ్మా!"

కోడలు పడిపడి నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు.

"మల్ల షురూ చెయ్యి. నువ్వు కప్పు కొట్టు, నేను ఎనుక సూస్త," అంటూ కుర్చీ లాక్కున్నాను. "అగో వచ్చిండు, తిరుగు!"

రాక్షసుడు ఒక్క వేటుకే కూలాడు! సొరంగం దాటేశాం!

నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ కోడలే. రాసింది చాలు గని బిడ్డా, ఒక్కసారి సదివి ఇనిపియ్యి.